హ్యుయాన్ త్సాంగ్

హ్యుయాన్ త్సాంగ్ (క్రీ.శ. 602 – 664) చైనా దేశమునకు చెందిన ప్రసిద్ధ బౌద్ధ భిక్షువు, యాత్రికుడు, అనువాదకుడు. ఇతని పేరును యువాన్ చ్వాంగ్ అని కూడా వ్రాస్తారు. హర్షవర్ధనుని కాలములో భారతదేశమంతటా పర్యటించి, 657 గ్రంథములతో స్వదేశము చేరి, శేష జీవితమును వాటి అనువాదమునకే వినియోగించాడు. ఇతని యాత్రా గ్రంథము సి-యు-కి 7వ శతాబ్దపు భారతదేశ చరిత్రకు ముఖ్యమైన ఆధారము.

క్రీ.శ. 639 ప్రాంతమున ఇతడు వేంగిని, ధనకటకమును దర్శించి కృష్ణా తీరమున కొన్ని నెలలు నివసించాడు. తాను మహాయాన మార్గమునకు చెందినవాడైనప్పటికీ ఇక్కడి మహాసాంఘిక భిక్షువుల వద్ద శిష్యునిగా చేరి చదువుకొన్నాడు. వారికి తాను మహాయాన శాస్త్రములను బోధించాడు. వేరువేరు శాఖల భిక్షువులు ఒకే ఆరామములో కలసి ఉండుట, రోగికి, వృద్ధునికి, పరదేశికి సంఘము ఆసరా అగుట ఆ కాలపు బౌద్ధ జీవనములో ఎంత ముఖ్యమో ఇతని చరిత్ర వలన తెలుస్తుంది. ఆ ఆదర్శము ఎక్కడెక్కడ విఫలమైనదో కూడా ఇతని రచనలలోనే కనబడుతుంది.

బాల్యము, సన్యాసము

హ్యుయాన్ త్సాంగ్ నేటి హెనాన్ రాష్ట్రములో, లోయాంగ్ నగరమునకు సమీపమున విద్యావంతుల కుటుంబములో జన్మించాడు. ఇంటి పేరు చెన్. తండ్రి మరణించిన తరువాత, అప్పటికే భిక్షువైన అన్నగారు ఇతనిని లోయాంగ్‌లోని తన విహారమునకు తీసుకొని వెళ్ళి చదువు చెప్పించాడు. ప్రభుత్వ అనుమతితో పరిమిత సంఖ్యలో భిక్షువులను చేర్చుకొను సందర్భములో ఇతనికి తగిన వయసు రాలేదు. ఎంపిక జరుగుచున్న భవనము ద్వారము వద్ద నిలబడి ఉన్న ఈ బాలుని అధికారి ఒకడు చూసి, మాట్లాడి, మెచ్చుకొని, నియమమును సడలించి సంఘములో చేర్చుకొన్నాడు. అప్పటికి ఇతని వయసు సుమారు 13 సంవత్సరములు.

సుయి వంశము పతనమై దేశములో అల్లకల్లోలము చెలరేగినప్పుడు అన్నదమ్ములిద్దరూ చెంగ్డు నగరమునకు వలస వెళ్ళారు. 622లో అక్కడ పూర్తి భిక్షు దీక్ష పొందాడు. ఆ ప్రాంతములో ఉండగా ఒంటి నిండా పుండ్లతో, చిరిగిన బట్టలతో దుర్గంధము వచ్చుచున్న ఒక రోగిని చూసి జాలిపడి, విహారమునకు తెచ్చి, తిండికి, బట్టకు ధనమిచ్చాడు. కృతజ్ఞతగా ఆ రోగి ఇతనికి ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రమును నేర్పించాడు. తరువాత ఎడారిలో ప్రాణభయము కలిగినప్పుడెల్లా హ్యుయాన్ త్సాంగ్ ఆ సూత్రమునే జపించెడివాడని శిష్యుడు హుయి-లి వ్రాసిన జీవిత చరిత్రలో ఉన్నది. ఈ సూత్రమునకు ఇతని పేర ప్రసిద్ధమైన అనువాదము నేటికీ తూర్పు ఆసియా విహారములలో నిత్య పారాయణములో ఉన్నది.

ప్రయాణము

చైనాలో లభించు గ్రంథముల అనువాదములలో పరస్పర విరుద్ధములైన భాగములు ఉండుట వలన మూల గ్రంథములను వెదకుటకు భారతదేశము వెళ్ళదలచాడు. అప్పుడు దేశపు సరిహద్దు దాటుట నిషేధము. 629లో (కొందరి లెక్కలో 627లో) అనుమతి లేకుండానే బయలుదేరాడు. లియాంగ్-చౌ పట్టణములో అధికారులు వెనుకకు పొమ్మన్నప్పుడు, అక్కడి భిక్షువు హుయి-వెయ్ తన శిష్యులిద్దరిని తోడిచ్చి రహస్యముగా పంపించాడు. క్వా-చౌలో ఇతనిని నిర్బంధించుటకు వచ్చిన ఉత్తరువును లీ చాంగ్ అను అధికారి ఇతని కళ్ళ ముందే చింపివేశాడు.

ఎడారిలో ఒంటరిగా వెళ్ళుచుండగా చేతిలోని నీటి తిత్తి జారిపడి నీరంతా ఒలికిపోయినది. నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు చుక్క నీరు లేక సొమ్మసిల్లాడు. చివరకు గుర్రము పచ్చికను, నీటి మడుగును పసిగట్టి ప్రాణము కాపాడినది. అక్కడి నుండి ఇ-చౌ (నేటి హామి) చేరగా, తన దేశపు వారిని మళ్ళీ చూడగలనని ఊహించని ఒక వృద్ధ చైనా భిక్షువు, నడుము పట్టీ కూడా కట్టుకొనక, పాదరక్షలు లేకుండా పరుగున వచ్చి ఇతనిని కౌగలించుకొని విలపించాడు. కావో-చాంగ్ రాజు ఇతనిని తన దేశములోనే ఉంచుకొనదలచగా, హ్యుయాన్ త్సాంగ్ నిరాహార దీక్ష చేసి విడుదల పొందాడు. ఆ రాజే తరువాత ధనము, గుర్రములు, పరిచారకులు, దారిలోని రాజులకు 24 లేఖలు ఇచ్చి సాగనంపాడు. మంచు పర్వతములు దాటునప్పుడు తోటివారిలో పలువురు చలికి, ఆకలికి మరణించారు.

శ్రావస్తిలోని స్తూపము

కాశ్మీరములో రెండు సంవత్సరములు చదివిన తరువాత గంగా మైదానమునకు వచ్చాడు. శ్రావస్తిలోని జేతవనమునకు ఈశాన్యమున చూసిన ఒక స్తూపమును గురించి వ్రాశాడు. ఒక రోగి భిక్షువుకు బుద్ధుడు స్వయముగా స్నానము చేయించిన స్థలమది. ఒంటరిగా బాధపడుచున్న ఆ భిక్షువును బుద్ధుడు కారణమడుగగా, తాను సోమరితనము వలన ఎన్నడూ ఇతర రోగులకు సేవ చేయలేదని, అందువలన ఇప్పుడు తనను చూచువారు లేరని చెప్పాడు. బుద్ధుడు అతనిని కడిగి, పడక మార్చి, కొత్త బట్టలు కట్టబెట్టాడు. సేవ చేయని వానిని కూడా వదలివేయరాదనునది ఈ కథలోని సారాంశము. రోగులైన తోటి భిక్షువులకు సేవ చేయుట పాళీ వినయ పిటకములో సంఘ ధర్మముగా విధించబడినది. మరణించిన భిక్షువు చీవరములు, భిక్షాపాత్ర అతనికి సేవ చేసినవారికి చెందవలెనను నియమము కూడా అందులో ఉన్నది.

నలందలో

నలంద మహావిహారమునకు అప్పుడు శీలభద్రుడు ఆచార్యుడు. ఆయన శతాధిక వృద్ధుడని ప్రతీతి. చాలా కాలము తీవ్రమైన నొప్పులతో బాధపడి, ఆహారము మాని శరీరము విడువదలచగా, చైనా నుండి వచ్చు భిక్షువుకు విద్య చెప్పుటకై జీవించి ఉండవలెనని మూడు సంవత్సరముల క్రితము స్వప్నములో ఆదేశము కలిగినదని ఆయన బంధువు బుద్ధభద్రుడు హ్యుయాన్ త్సాంగ్‌కు చెప్పాడు. శీలభద్రుడు ఇతనికి ధ్యాన సాధనను, చిత్త విచారణను విస్తరించి చెప్పు యోగాచారభూమి శాస్త్రమును 15 నెలల పాటు బోధించాడు. పరదేశి అయిన ఇతనికి విహారము తరపున రోజూ 20 పోకకాయలు, 20 జాజికాయలు, కర్పూరము, మేలు రకమైన మహాశాలి బియ్యము ఇచ్చెడివారు. పరిచర్యకు మనుషులను కూడా ఏర్పాటు చేశారు.

ఇతడు భిక్షువుల వద్ద మాత్రమే చదువలేదు. యష్టివనములో జయసేనుడను గృహస్థు వద్ద రెండు సంవత్సరములు శిష్యరికము చేశాడు. మహాయానమును ఖండించు ఒక గ్రంథమును అర్థము చేసికొనుటకు, వాదములో తనకు ఓడి దాసుడైన ఒక బ్రాహ్మణుని గురువుగా కూర్చుండబెట్టి పాఠము చెప్పించుకొని, అనంతరము దాస్య విముక్తుని చేశాడు.

ఆంధ్రదేశములో

దక్షిణ కోసలము నుండి దక్షిణముగా అడవుల గుండా ప్రయాణించి హ్యుయాన్ త్సాంగ్ ఆంధ్రదేశము చేరాడు. దాని రాజధాని వేంగి, నేటి ఏలూరు సమీపములోని పెదవేగి. నేల సారవంతమైనదని, వాతావరణము వేడి అని, ఇక్కడి భాష మధ్యదేశపు భాషకు భిన్నమైనా లిపి చాలావరకు ఒకటేనని వ్రాశాడు. అప్పుడు ఇక్కడ ఇరవైకి పైగా సంఘారామములు, సుమారు 3,000 మంది భిక్షువులు ఉండిరి. వేంగికి సమీపములో అచలుడను అర్హతుడు కట్టించిన విహారమును, దానికి నైరుతిగా ఒంటరి కొండపై ఉన్న స్తూపమును దర్శించాడు. ఆ కొండ మీదనే దిఙ్నాగుడు తర్కశాస్త్రము రచించాడని స్థానికులు చెప్పారు. వారి కథ ప్రకారము, ఏకాంత ధ్యానములో నుండి తన ఒక్కని విముక్తికై అర్హత్త్వము పొందబోయిన దిఙ్నాగుని మంజుశ్రీ బోధిసత్త్వుడు వారించి, పరుల మేలు కొరకు శాస్త్రమును వ్యాప్తి చేయుమని కోరాడు.

వేంగి నుండి దక్షిణముగా అరణ్య మార్గమున ధనకటకము చేరాడు. ఇక్కడ ఆరామములు అనేకము ఉన్నప్పటికీ చాలావరకు పాడుపడినవి. సుమారు ఇరవై మాత్రమే నిలిచి ఉన్నవి. వాటిలో వేయి మందికి పైగా భిక్షువులు ఉండిరి. వారిలో అధికులు మహాసాంఘిక శాఖను అనుసరించువారు. భట్టిప్రోలు, ఘంటసాల, జగ్గయ్యపేట, అమరావతి స్తూపములతో వెలసిన కృష్ణా తీర బౌద్ధము అప్పటికి క్షీణ దశలో ఉన్నదని దీనిని బట్టి తెలుస్తున్నది.

ఇక్కడే హ్యుయాన్ త్సాంగ్ సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులను కలిశాడు. వారు మహాసాంఘిక త్రిపిటకములో నిష్ణాతులు. ఇతడు కొన్ని నెలలు వారి వద్ద ఉండి మహాసాంఘికుల మూలాభిధర్మము మొదలగు శాస్త్రములను చదివాడు. వారిద్దరూ ఇతని వద్ద మహాయాన శాస్త్రములను అభ్యసించారు. గురువులెవరు, శిష్యులెవరు అను భేదము లేక సాగిన ఈ అధ్యయనము ముగిసిన పిమ్మట, ముగ్గురూ ఒకే సంకల్పముతో కలసి పుణ్యస్థలముల దర్శనమునకు బయలుదేరారు. శిథిలమగుచున్న ఆరామములలో మిగిలిన ఆ కొద్దిమంది, తమ శాఖ కాని విదేశీయునికి తమ శాస్త్ర సంపదను పంచి ఇచ్చారు. తెలుగు నేల మీద బౌద్ధ సంఘము చివరి దశలలో చూపిన ఆదరణకు ఇది నమోదైన ఒక అరుదైన ఉదాహరణ.

తూర్పు, పడమటి కొండల విహారములు

ధనకటక నగరమునకు తూర్పున కొండపై పూర్వశైల విహారము, పడమర కొండపై అపరశైల విహారము ఉన్నవని హ్యుయాన్ త్సాంగ్ వ్రాశాడు. బుద్ధుని నిర్యాణము తరువాత వేయి సంవత్సరముల పాటు ప్రతి ఏటా వేయి మంది సామాన్య భిక్షువులు ఇక్కడ కలసి వర్షావాసము చేసెడివారని, వానకాలము ముగియగానే అందరూ అర్హతులయ్యేవారని స్థానిక కథ. ఆ తరువాతి కాలములో సామాన్యులు, సిద్ధులు కలసి నివసించారట. హ్యుయాన్ త్సాంగ్ వచ్చు నాటికి నూరేళ్ళుగా ఈ విహారములలో భిక్షువులే లేరు. కొండ దేవత తోడేలు, కోతి రూపములలో బాటసారులను భయపెట్టుటయే దీనికి కారణమని ప్రజలు చెప్పుకొనేవారు.

వర్షావాసమనగా భిక్షువులు సంచారము మాని మూడు నెలలు ఒకే చోట ఉండి ధ్యానాధ్యయనములు చేయు కాలము. దాని చివర జరుగు ప్రవారణ కార్యక్రమములో ప్రతి భిక్షువు తనలో ఎవరైనా దోషము చూసి, విని, అనుమానించి ఉన్నచో చెప్పవలసినదిగా సంఘమును కోరుతాడు. వయసులో పెద్దవారు కూడా చిన్నవారి ముందు ఇట్లు కోరవలసినదే.

ఈ నగరము ఎక్కడిదను విషయములో పండితుల మధ్య భిన్నాభిప్రాయములు ఉన్నవి. 19వ శతాబ్దములో జేమ్స్ ఫెర్గుసన్, రాబర్ట్ సూయెల్ అది బెజవాడ (విజయవాడ) అని వాదించారు. పట్టణమునకు ఇరువైపులా కొండలు ఉండుట వారికి ఆధారము. ధాన్యకటకమను పేరు అమరావతి శాసనములలో లభించుట వలన దానికి ప్రక్కనే ఉన్న ధరణికోట అని పలువురి అభిప్రాయము. రెండును కృష్ణా తీరమునే ఉన్నవి.

భావవివేకుని గుహ

నగరమునకు దక్షిణమున ఉన్న ఒక కొండ చరియను భావవివేకుని కథతో ముడిపెట్టి వర్ణించాడు. భావవివేకుడు నాగార్జునుని మాధ్యమిక మార్గమునకు చెందిన ఆచార్యుడు. పైకి సాంఖ్యుల వేషము ధరించినా లోపల నాగార్జునుని బోధనే అనుసరించాడట. మగధలో యోగాచార ఆచార్యుడు ధర్మపాలునితో చర్చింపగోరి శిష్యుని పంపగా, జీవితము క్షణికమని, వాదమునకు తీరిక లేదని ధర్మపాలుడు దర్శనము నిరాకరించాడు. భావవివేకుడు తిరిగి వచ్చి, మైత్రేయుడు బుద్ధుడగు వరకు వేచి ఉండి తన సందేహమును ఆయననే అడుగదలచాడు. మూడేళ్ళ జపము తరువాత ఆవాలతో కొట్టగా కొండ తెరుచుకొన్నది. అక్కడ చేరిన జనమునందరినీ లోనికి రమ్మని పిలిచాడు. అది విషసర్పముల పుట్ట అని భయపడి జనము వెనుకాడగా ఆరుగురు మాత్రమే ఆయన వెంట వెళ్ళారు. తరువాత ద్వారము మూసుకొన్నది. బయట నిలిచినవారు పశ్చాత్తాపపడ్డారు.

ఇది ఐతిహ్యమే అయినా, ఒక పెద్ద పండితునికి మరొక పండితుని వద్ద తలుపు మూసుకొనుటయు, ఆయన మాత్రము తన తలుపును అందరికీ తెరచుటయు ఇందులో ప్రక్క ప్రక్కన ఉన్నవి. హ్యుయాన్ త్సాంగ్ గురువు శీలభద్రుడు ధర్మపాలునికే శిష్యుడు. అయినప్పటికీ ప్రత్యర్థి పక్షపు ఆచార్యుని కథను ఇతడు గౌరవముతోనే నమోదు చేశాడు.

సామరస్యము, దాని పరిమితులు

కృష్ణా తీరము విడిచి హ్యుయాన్ త్సాంగ్ దక్షిణముగా కంచి వరకు వెళ్ళాడు. సింహళములో రాజు మరణించి, కరువు వచ్చినందున అక్కడి నుండి 300 మంది భిక్షువులు కంచికి వలస వచ్చి ఉండిరి. వారిలో 70 మందికి పైగా ఇతనితో కలసి తిరుగు ప్రయాణము చేశారు. నలంద చేరిన పిమ్మట యోగాచార, మాధ్యమిక మార్గములు పరస్పర విరుద్ధములు కావని చూపుచు 3,000 శ్లోకముల గ్రంథము రచించాడు. ఇది నేడు లభించుట లేదు. దానితో ఏకీభవించని సింహరశ్మి అను ఆచార్యుడు నలందను విడిచి వెళ్ళాడు.

హర్షుడు 643 ప్రాంతమున కన్యాకుబ్జములో జరిపిన మహాసభలో ఇతడు మహాయాన పక్షమున నిలిచాడు. 18 రోజుల పాటు ఎవరూ ఇతనిని ఓడించలేదని జీవిత చరిత్ర చెబుతుంది. ఇతనికి హాని తలపెట్టువారికి మరణ దండన, నిందించువారికి నాలుక కోయుట శిక్షలుగా హర్షుడు శాసించి ఉన్నాడు. కనుక ఆ విజయమును నిష్పాక్షికమైన చర్చ ఫలితముగా మాత్రమే భావించుటకు వీలు లేదు. హీనయాన పండితుడు ప్రజ్ఞాదేవుడు ఇతనితో వాదించినవారిలో ఒకడు.

చాలా సంవత్సరముల తరువాత, 652లో, ప్రజ్ఞాదేవుడు మహాబోధి నుండి లేఖను, కానుకగా రెండు తెల్లని వస్త్రములను పంపాడు. వాదములో తాను పరుషముగా మాట్లాడినందుకు విచారించుచున్నట్లు కూడా కబురు పంపాడు. 654లో హ్యుయాన్ త్సాంగ్ ఇచ్చిన ప్రత్యుత్తరములో, ఆనాటి మాటలను సభ ముగియగానే మరచితినని, ఇంకను మనసులో పెట్టుకొనవలదని తెలిపాడు. అదే లేఖలో మహాయానమును స్వీకరింపుమని మళ్ళీ హితవు చెప్పాడు. స్నేహము నిలిచినది, అభిప్రాయభేదమూ నిలిచినది. అదే సమయములో నలందలోని జ్ఞానప్రభునికి వ్రాసిన లేఖలో శీలభద్రుని మరణమునకు తీవ్రమైన దుఃఖము ప్రకటించాడు. సింధు నదిలో పడవ ఊగి పోగొట్టుకొన్న గ్రంథముల జాబితా పంపి, ప్రతులను పంపవలసినదిగా కోరాడు.

అనువాదములు, శిష్యులు

645లో చాంగాన్ నగరమునకు తిరిగి వచ్చినప్పుడు ప్రజలు ఘనముగా స్వాగతించారు. టాంగ్ చక్రవర్తి టై-సుంగ్ అనువాదములకు పోషణ కల్పించాడు. 646లో యాత్రా గ్రంథము పూర్తి అయినది. మొత్తము 75 గ్రంథములను, 1,335 సంపుటములను అనువదించాడు. వీటిలో మహాప్రజ్ఞాపారమితా సూత్రము ఒక్కటే 600 సంపుటములు.

ఆంధ్రులకు ఆసక్తి కలిగించు అనువాదములు కొన్ని ఉన్నవి. 649లో భావవివేకుని కరతలరత్నమును చైనా భాషలోకి మార్చాడు. తన గురు పరంపరను ఎదిరించిన ఆచార్యుని గ్రంథమును ఇట్లు భద్రపరచాడు. దీని సంస్కృత మూలము నశించగా చైనా అనువాదము మాత్రమే మిగిలినది. ఎన్. అయ్యస్వామి శాస్త్రి దానిని తిరిగి సంస్కృతములోకి తెచ్చాడు. దిఙ్నాగుని న్యాయముఖమును 649లోను, ఆలంబన పరీక్షను 657లోను అనువదించాడు.

653లో జపాను నుండి దోషో అను భిక్షువు శిష్యునిగా వచ్చాడు. హ్యుయాన్ త్సాంగ్ అతనిని తన గదిలోనే ఉంచుకొన్నాడు. యాత్రలో ఒకప్పుడు తాను ఆకలితో నీరసించి ఉండగా దారిలో ఒక భిక్షువు బేరిపండు ఇచ్చి బ్రతికించాడని, దోషో ఆ భిక్షువేనని అతనితో చెప్పాడని జపాను రాజచరిత్ర వ్రాస్తుంది. శాస్త్రములు అపారములు కనుక ధ్యానమును నేర్చుకొని తూర్పు దేశములో వ్యాప్తి చేయుమని సలహా ఇచ్చాడు. దోషో స్వదేశము చేరి ధ్యానమందిరము నెలకొల్పాడు. తరువాత ఊరూరా తిరిగి బాటల ప్రక్క బావులు త్రవ్వించాడు, రేవులలో పడవలు ఏర్పాటు చేశాడు, వంతెనలు కట్టించాడు.

మరణము

664లో యు-హువా ప్రాసాదములోని తన నివాసము వెనుక చిన్న కాలువ దాటుచు పడి కాలికి దెబ్బ తగిలి హ్యుయాన్ త్సాంగ్ మంచము పట్టాడు. తాను చేసిన అనువాదముల, దానముల జాబితాను శిష్యులచే చదివించుకొన్నాడు. పేదలకు, పూజ్యులకు, ఒక్కొక్క వర్గములో పదివేల మందికి పైగా చేసిన దానములు అందులో ఉన్నవి. తన దేహమును చాపలో చుట్టి, రాజప్రాసాదములకు, ఆరామములకు దూరముగా నిర్జన ప్రదేశములో ఉంచవలసినదిగా కోరి, మైత్రేయుని స్మరించుచు మరణించాడు. అంత్యక్రియలకు అసంఖ్యాకులు హాజరయ్యారు.

ప్రాధాన్యత

19వ శతాబ్దములో అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మొదలగు పురావస్తు పరిశోధకులు ఇతని గ్రంథము ఆధారముగా అనేక బౌద్ధ క్షేత్రములను గుర్తించారు. తెలుగువారి చరిత్రలో వేంగి, ధనకటక ఆరామముల సంఖ్య, శాఖలు, శిథిల స్థితి తెలుసుకొనుటకు ఇది ముఖ్యమైన విదేశీయ సాక్ష్యము. సుభూతి, సూర్యుల పేర్లు హుయి-లి వ్రాసిన జీవిత చరిత్ర వలననే మనకు దక్కినవి. వారు వ్రాసిన గ్రంథములేవీ మిగలలేదు. తమ వద్దకు వచ్చిన పరదేశికి చదువు చెప్పి, అతని వద్ద చదువుకొని, అతనికి దారిలో తోడై వెళ్ళుటయే వారిని గూర్చి చరిత్రలో మిగిలిన సమాచారము.